ఆషాఢాన్ని కూడా లెక్కలో వేసుకోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ రియల్ ఎస్టేట్ పేజీలో 'ఫ్లాటు కొని అద్దెకివ్వండి, ఈఎంఐ దానంతటదే తీరిపోతుంది' అని రాశారు. అది చదివి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 'అత్తా, నేనూ ఒకటి కొందామనుకుంటున్నా' అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. 2017లో, ఇంకా సర్వీసులో ఉండగానే, నిజాంపేటలో 1,050 అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొన్నాను. రిజిస్ట్రేషన్, కబోర్డులు అన్నీ కలిపి 40 లక్షలు. సగం చేతి డబ్బు, సగం లోను. పదిహేనేళ్లకు ఈఎంఐ 19,800. వచ్చిన మొదటి అద్దె 11,000. మిగతా 8,800 ప్రతి నెలా నా జీతంలోంచే పోయేది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో మిగిలిన లోను తీర్చేశాను కాబట్టి సరిపోయింది. ఎనిమిదేళ్లు దాటినా నా అద్దె ఆ 19,800ని అందుకోలేదు.

స్కూల్లో వాడకుండా మిగిలిపోయిన హాజరు పట్టీ ఒకటి నా దగ్గరుంది. అందులో ఫ్లాటు లెక్క రాస్తాను. 2024-25 పేజీ చెబుతాను వినండి. జూన్ ఆఖర్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. జూలై 6న ఆషాఢం మొదలైంది. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించేదెవరు? ఆగస్టు 5న శ్రావణం వచ్చాకగానీ ఫోన్ మోగలేదు. 15న కొత్తవాళ్లు దిగారు. నెలన్నర అద్దె పోయింది. ఖాళీగా ఉన్నా మెయింటెనెన్స్ ఆగదు, అది 3,750. రంగులకు 22,000, బ్రోకర్‌కు అర నెల అద్దె 8,500, గీజరు, బాత్రూమ్ లీకేజీ కలిపి 14,000, ఇంటి పన్ను 4,000. మూడు నెలలు 16,000 చొప్పున, ఏడున్నర నెలలు 17,000 చొప్పున వచ్చింది 1,75,500. ఖర్చు 52,250. మిగిలింది 1,23,250. పెట్టిన 40 లక్షల మీద 3 శాతం పైచిలుకు. ఆ ఏడాదే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పథకంలో వడ్డీ 8.2 శాతం.

'మరి ఫ్లాటు రేటు పెరిగింది కదా' అన్నాడు వాడు. పెరిగింది, కాదనను. కానీ పెరిగేది కింది నేల విలువ. పైన కట్టిందంతా ఏటికేడాది పాతబడేదే. అందుకే ఎన్ని అడుగులని మాత్రమే కాదు, యూడీఎస్, అంటే కింది నేలలో మన వాటా, ఎన్ని గజాలో కూడా అడగమన్నాను. నా దస్తావేజులో 38 గజాలుంది. పక్క బిల్డింగ్‌లో ఇంతే ఫ్లాటుకు 26 రాసిచ్చారు.

ఇక నీళ్లు. గృహప్రవేశానికి ముందు పూజగది తలుపుకు టేకుతో చెక్కించి, ఇత్తడి గంటలు పెట్టించాను. 18,000 అయింది. టు-లెట్ బోర్డు పెట్టాక వచ్చిన ఫోన్లలో ఒక్కరూ ఆ తలుపు మాట ఎత్తలేదు. అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: 'మంజీరా వస్తుందా అండీ?' అంటే నల్లా నీళ్లన్నమాట. తర్వాత పార్కింగ్, ఆ తర్వాత స్కూలు బస్సు సందు చివరిదాకా వస్తుందా అని. ఒక వేసవిలో మా బోరు ఎండిపోయి, ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసింది. అద్దెకున్నాయన 'అమ్మా, ఇది నేను కట్టాలా, మీరు కట్టాలా?' అన్నాడు. అగ్రిమెంటులో ఆ సంగతే లేదు. సగం నేను కట్టాను.

కాబట్టి ఫ్లాటు చూడ్డానికి మే నెలలో వెళ్లండి. సెల్లార్‌లో సంప్ మూత తీయించి చూడండి. రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో బ్రోకర్ చెప్పడు, వాచ్‌మన్ భార్య చెబుతుంది. బాత్రూమ్‌లో తలెత్తి చూడండి. కొత్తగా సున్నం వేసిన మచ్చ ఉందంటే పై ఫ్లాటు నీళ్లు దిగుతున్నట్టే. నేను చూడలేదు. ఆర్నెల్లకే ఆ మచ్చ పసుపు రంగుకు తిరిగి, అంచుల్లో ఉప్పులా పొడి రాలడం మొదలైంది. పై ఫ్లాటు ఓనరు అమెరికాలో, తాళంచెవి ఇంకెవరి దగ్గరో. టైల్స్ పగలగొట్టించడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని అధికారులిచ్చే పత్రం) లాయరుకు చూపించండి, ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. పెంట్‌హౌస్ చవగ్గా వస్తుందంటే అసలు ప్లాన్‌లో ఉందేమో చూడండి. కట్టుబడిలో ఉన్నదానికి మామూలుగా 5 శాతం జీఎస్టీ ఉంటుంది, ఓసీ వచ్చాక కొంటే ఉండదు. రిజిస్ట్రేషన్ ఖర్చు నేను కొన్నప్పుడు 6 శాతం, 2021 జూలై నుంచి 7.5.

'లోను వడ్డీ జీతంలోంచి తగ్గించుకోవచ్చుగా' అన్నాడు. వాడు కొత్త పన్ను విధానంలో ఉన్నాడు. అందులో వడ్డీ అద్దెను మించి ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తీసేయడం కుదరదు. ఒక ఊరట ఉంది: అద్దెలో ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతాన్ని ఖర్చుల కింద మినహాయిస్తారు, మనం రంగులేయించినా, వేయించకపోయినా.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకే రాసుకుంటారు. అంతవరకు సరే. కానీ షాపులో దొరికే అచ్చు కాగితం మీద సంతకం పెట్టేయకండి. ట్యాంకర్ల ఖర్చు ఎవరిది, రంగులు ఎవరివి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏడాదికి ఎంత పెంచాలి, ఇవి మీ మాటల్లో రాయించండి. దిగేరోజు, ఖాళీ చేసేరోజు కరెంటు మీటరు ఫొటో తీయండి. ఒకాయన మూడు నెలల బిల్లు కట్టకుండా, అడ్వాన్సు మాత్రం పూర్తిగా తీసుకుని వెళ్లిపోయాడు. బాకీ మీటరు మీద ఉంటుంది, మీటరు నా పేరు మీద ఉంది. కట్టక ఏం చేస్తాను?

ఇప్పుడున్నవాళ్లు మంచివాళ్లే. బాబును వేరే స్కూల్లో వేయాలని, ఈ వేసవిలో ఖాళీ చేయొచ్చని మొన్న అన్నారు. ఇంటికొచ్చి పంచాంగం తీశాను. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఇంకో నెల తిరిగేసరికి ఆషాఢం. మర్నాడే వెళ్లి, ఖాళీ చేసేదుంటే ఏప్రిల్‌లో చేయండి, ఆ మాట మార్చిలోనే నా చెవిన వేయండి అని చెప్పి వచ్చాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, ప్రగతినగర్, హైదరాబాద్