మూడు సెంట్ల సంగతి

రీడింగ్, ఇంగ్లండ్
22 సెప్టెంబరు 2024, ఆదివారం

నాన్నా,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగున్నాం. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో, మనింట్లో ఫోన్ అమ్మది కదా. నువ్వు వెనకనుంచి "నేను అడిగానని చెప్పు" అంటావు, మన ఇద్దరి మాటలూ అక్కడికి అయిపోతాయి. నీకు ఒక సంగతి చెప్పాలి. ఏడాదిన్నరగా దాస్తున్నాను. అమ్మకి తెలుసు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా, కాబట్టి ఆవిడ మీద అరవకు.

నేనిక్కడ సేద్యం చేస్తున్నాను.

కూర్చునే చదువుతున్నావు కదా? పెద్దదేం కాదు, మూడు సెంట్లు. ఇక్కడ ఊరి చివర చేలో ముక్కలు ముక్కలుగా కొలిచి, కూరగాయలు పండించుకోడానికి జనానికి అద్దెకిస్తారు. అలాట్‌మెంట్ అంటారు. అడిగినవాళ్ళకి ఇలా నేల చూపించాలని 1908లోనే చట్టం చేసుకున్నారు. కొలత మాత్రం ఇంకా రాడ్లలోనే. పూర్తి ముక్క పది రాడ్లు, నాది సగం ముక్క. ఎకరానికి నూట అరవై రాడ్లు. నువ్వు వేళ్ళ మీద లెక్కకట్టేలోపు నేనే చెప్పేస్తా, మూడు సెంట్ల మీద ఇంకాస్త. మన కళ్ళంలో ఒక మూలకి సరిపోదు. మనూళ్ళో నువ్వు పొలం కౌలుకిచ్చి కూర్చున్నావు, ఇక్కడ నీ కూతురు కౌలుకి తీసుకుంది.

ఎందుకు దాచానో నీకు తెలుసు. ఇంజినీరింగ్ సీటొచ్చిన రోజు అరుగు మీద కూర్చుని ఏమన్నావో నాకు గుర్తుంది. "ఈ మట్టి నాతో ఆఖరు" అన్నావు. నేను మట్టి పిసుకుతున్నానంటే చదివించిందంతా వృథా అనుకుంటావేమోనని నోరు మెదపలేదు. పైగా డబ్బు కట్టి మరీ పిసుకుతున్నాను.

మొదటి నెలంతా రాళ్ళు ఏరడమే. చెకుముకి రాళ్ళు నాన్నా, తవ్విన కొద్దీ వస్తాయి, పగిలితే అంచు బ్లేడులా ఉంటుంది. ఇక్కడ తవ్వడానికి అమ్మేది కాలితో తొక్కి లోపలికి దించే రకం. నిటారుగా నిలబడి తొక్కుతారు. మన పారలా వంగి, మట్టిని ఒళ్ళోకి లాక్కునేది దుకాణంలో దొరకలేదు. నాకేమో తొక్కుడు అలవాటు లేదు, రెండో రోజుకే మడమ వాచింది. మీ అల్లుడు వచ్చి నాలుగు తొక్కులు తొక్కి, మీటింగుందని వెళ్ళిపోయాడు. ఆ మీటింగ్ ఇంకా అయినట్టు లేదు. పండుగాడు మాత్రం ప్రతి శనివారం వస్తాడు. వానపాము కనిపిస్తే దానికో పేరు పెట్టి, మళ్ళీ మట్టిలో దాచేస్తాడు.

ఎరువు అడుగుతావని తెలుసు. పశువుల ఎరువు లేదు, గుర్రపు ఎరువు. దగ్గర్లో గుర్రపుశాల వాళ్ళు సంచుల్లో నింపి గేటు దగ్గర పెడతారు, ఊరికే తీసుకుపోవచ్చు. బాగా మాగింది, వాసన లేదు.

నారు పోసే విత్తనాలకి నేను దుకాణానికి పోలేదు. పోపుల పెట్టె తీశాను. మెంతులు చల్లితే నాలుగో రోజుకి పచ్చగా లేచాయి. ధనియాలు మాత్రం మొదటిసారి మొలవలేదు, విత్తనం పాతదేమో అనుకున్నా. తర్వాత గుర్తొచ్చింది, నువ్వు గోనెసంచి మీద ధనియాలు పోసి చెప్పుతో మెల్లగా రుద్దేవాడివి, గింజ రెండు బద్దలయ్యేట్టు. నేనూ చెప్పుతోనే రుద్దాను. పక్క ముక్క ముసలాయన చూసి ఏదో పూజ అనుకున్నాడు. మొలిచాక ఒక కట్ట కోసి ఆయనకే ఇచ్చాను.

ఆయన గురించి చెప్పాలి. ఎనభై దాటాయి, ఒక్కడే ఉంటాడు, ముప్పై ఏళ్ళుగా ఆ ముక్కే చేసుకుంటున్నాడు. మొదటి వసంతంలో నాకో దుంప తవ్వి ఇచ్చాడు. రూబార్బ్ అని, చామ ఆకుకంటే పెద్ద ఆకులు, కింద ఎర్రటి కాడలు. కాడ తినాలి, ఆకు విషం, మర్చిపోవద్దు అని మూడుసార్లు చెప్పాడు. మొదటి ఏడాది కోయొద్దన్నాడు, దుంప బలపడాలట. ఈ ఏప్రిల్లో కోశాను. వీళ్ళు దాన్ని చక్కెర పోసి ఉడకబెట్టి, పైన పిండి పొడిపొడిగా చల్లి, కాల్చి, తియ్యటి పాలసాస్‌తో తింటారు. నేను పచ్చి ముక్క కొరికి చూశాను. కళ్ళు మూసుకుపోయాయి. అచ్చం ఎర్ర గోంగూర పులుపు.

ఆ తర్వాత ఏం చేసి ఉంటానో నీకు వేరే చెప్పాలా. అంగుళం ముక్కలు కోసి, నూనెలో వేసి, చుక్క నీళ్ళు పోయకుండా మూత తీసే మగ్గించాను. ఐదు నిమిషాల్లో కాడ మాయమై గుజ్జయిపోతుంది, గోంగూర కంటే తొందర. కానీ నీరు ఎక్కువ. అది ఇగిరి, నూనె అంచుల్లో తేలేదాకా ఓపిక పట్టాలి, మొదటిసారి నేను పట్టలేదు, పచ్చడి రెండ్రోజుల్లో బూజు పట్టింది. రెండోసారి ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు, ఇంగువ వేయించి, వెల్లుల్లితో కచ్చాపచ్చాగా నూరి కలిపాను. ముద్దపప్పు, నెయ్యి, ఈ పచ్చడి. మీ అల్లుడు కళ్ళు పైకెత్తకుండా తిన్నాడు. గోంగూర ఎక్కడ దొరికిందన్నాడు. దొరికింది అన్నాను, అంతే. ఆదివారం ముసలాయనకో చిన్న సీసా ఇస్తే రొట్టె మీద చీజు, దాని మీద ఈ పచ్చడి రాసుకుని తిన్నాడట. కళ్ళనీళ్ళు వచ్చాయి కానీ సీసా ఖాళీ చేశాడు. నీళ్ళు కారంవల్లనేనని ఆయనే గట్టిగా చెప్పాడు.

ఆకు పారేశావా అని అమ్మ మూడుసార్లు అడిగింది. పారేశానని నువ్వూ చెప్పు.

ఈ ఏడు వసంతమంతా వాన. దాంతో నత్తలు. చిప్ప ఉన్నవి కాదు, చిప్ప లేని జిగురు నత్తలు, చూపుడు వేలంత. రాత్రికి రాత్రి చిక్కుడు మొలకలు నేలమట్టం. వీటికి మందేంటో తెలుసా, బీరు. మందంటే ఇక్కడ నిజంగా మందే. పెరుగు డబ్బా నేలలో పాతి, అడుగున రెండు వేళ్ళెత్తు బీరు పోస్తారు, వాసనకి వచ్చి తాగి అందులోనే పడి పోతాయి. సూపర్‌మార్కెట్‌లో చవకరకం బీరు నాలుగు డబ్బాలు కొంటుంటే మనూరి వాళ్ళెవరో కనిపించారు. నత్తలకండీ అన్నాను. నమ్మినట్టు లేదు. ఆ కబురు ఈపాటికి మనూరు చేరే ఉంటుంది, ఎవరన్నా అడిగితే నత్తలకేనని చెప్పు.

నత్తలు వదిలేసినవి బాగానే కాశాయి. రన్నర్ బీన్స్ అని ఎర్ర పూల తీగ, పందిరి వేస్తే ఆగదు. కాయ మన చిక్కుడులా పొడుగు, పక్కన పీచు. సన్నగా తరిగి కొబ్బరికోరుతో ఇగురు పెడుతున్నా. ముదిరితే గడ్డి, అంతకంటే చెప్పడానికేం లేదు.

అసలు గోల కూర్జెట్లది. కీరా అంత లేతగా ఉన్నప్పుడు కోయాల్సిన కాయ. రెండు మొక్కలు చాలు నీకు అన్నాడు ముసలాయన, నేను నాలుగు పెట్టాను, రైతు బిడ్డని కదా. జులైలో రోజుకి ఆరు. బీరకాయ పచ్చడిలా పచ్చడి చేశా, శనగపప్పు వేసి కూర చేశా, బజ్జీలు వేశా, నువ్వులపొడి చల్లి వేపుడు చేశా, దోసెపిండిలో తురిమి పోశా. పండుగాడు పళ్ళెం ముందు కూర్చుని, ఇదేం కూర అని అడగడం మానేశాడు. ఆఫీసులో పంచితే రెండో వారం నుంచి నన్ను చూసి దారి మార్చుకున్నారు. ఒక శనివారం వెళ్ళలేకపోతే, మరుసటి వారానికి ఆకుల కింద చంటిపిల్లాడంత కాయ పడుకుని ఉంది. అలా పెరిగితే వీళ్ళు పేరే మార్చేసి మారో అంటారు. గింజ తీసి, పెద్ద ముక్కలు కోసి మజ్జిగపులుసు పెట్టాను. సొరకాయ కంటే బాగుంది, అమ్మకి చెప్పకు. వడియాలు పెడదామనే ఆశ కూడా కలిగింది. ఎండేది? మూడు రోజులు వరసగా ఎండ కాస్తే ఇక్కడ వార్తల్లో చెప్తారు.

ఇప్పుడు టమాటాల సంగతి రాయాలి. రాయాలా వద్దా అని కాసేపు కలం పక్కన పెట్టాను.

పది మొక్కలు. మార్చిలో కిటికీ దగ్గర నారు పోసి, మే ఆఖరుకి చలి పోయాక నాటాను. గుత్తులు గుత్తులుగా కాశాయి, అన్నీ పచ్చికాయలే. ఆగస్టు చివర్లో వారం వాన పట్టింది. గురువారం చూసినప్పుడు బాగున్నాయి. శనివారం వెళ్తే ఆకుల అంచులు నూనెలో ముంచినట్టు నల్లబడ్డాయి, కాండం మీద గోధుమరంగు మచ్చలు. ఆదివారానికి తోటంతా ఉడికించిన ఆకుకూరలా వాలిపోయింది. రెండు రోజులు, అంతే. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటని కుళ్ళబెట్టి, లక్షల మందిని ఆకలితో చంపిన తెగులు ఇదేనని ముసలాయన చెప్పాడు. గాలికి, తడికి వ్యాపిస్తుందట. మొక్కలు పీకి, మచ్చ పడని కాయలు ఏరుకో అన్నాడు. ఎనిమిది కిలోలు ఏరాను. వాళ్ళు పచ్చి టమాటాలని వెనిగరు, చక్కెర, కిస్‌మిస్ వేసి ఉడికించి చట్నీ అంటారు. నేను పచ్చిమిర్చి, జీలకర్ర, వేయించిన పల్లీలు వేసి మన పచ్చడి చేశాను. ఆయనకో సీసా, నాకో సీసా మార్చుకున్నాం.

నేను చెప్పాలనుకున్నది పచ్చడి గురించి కాదు. పీకిన మొక్కలు సంచిలో కుక్కుతుంటే 2021 డిసెంబరు గుర్తొచ్చింది. నువ్వు వీడియోలో మిరపపువ్వు ఒకటి కోసి, అరచేతిలో దులిపి చూపించావు. నల్లగా, నలకల్లా కదిలాయి. తామరపురుగులే, కానీ ఈ నల్లవి కొత్తవి, ఏ మందుకీ లొంగట్లేదన్నావు. నేనప్పుడు ఆఫీసు కాల్‌లో ఉన్నాను. అయ్యో అన్నాను, తర్వాత మాట్లాడతా అన్నాను. తోట దున్నేయించావని సంక్రాంతికి అమ్మ చెప్తేగానీ తెలియలేదు. ఎంత పెట్టుబడి పోయిందో నువ్వెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా పది మొక్కలు పోతే నేను దుకాణానికెళ్ళి టమాటాలు కొనుక్కొచ్చాను, నాన్నా. అయినా రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ రోజు ఫోన్ పెట్టేసినందుకు ఇప్పుడు బాధ అనిపిస్తోంది.

సరే, పని మాట. నీతో అవసరం పడింది. ఫిబ్రవరిలో, అమ్మ పంపిన ఎండుమిర్చిలోంచి గింజలు తీసి కుండీలో వేశాను. తేజా రకమనే అనుకుంటున్నా, కాయ సన్నగా ఉంది. వంటింటి కిటికీలో ఉంది, పద్నాలుగు కాయలున్నాయి, ఒకటి పండుతోంది. ఈ వారం కొత్త చిగుళ్ళు ముడుచుకున్నాయి. నువ్వు చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని చూపించావు, అరచెయ్యి దోనెలా పైకి ముడిస్తే తామరపురుగు, దోనె తిరగేసినట్టు కిందికి వంగితే నల్లి అని. నేను ఆకు పక్కన చెయ్యి పెట్టి చూశాను. పైకే ముడుచుకుంది. పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపాను, గుండె కొట్టుకుంటూనే ఉంది. లేత పసుపు రంగువి రెండే కదిలాయి, నల్లవి లేవు. వేపనూనె లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలు, చిటికెడు సబ్బుపొడి అని గుర్తు. సరేనా? సాయంత్రం కొట్టాలా, పొద్దున్నా? కాయలు కోశాక కొట్టనా, ముందే కొట్టనా?

విజయవాడ సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్ళింట్లో వరద బురద కడగడం అయిందా? బీరువా పోయిందని అమ్మ చెప్పింది. కొంత డబ్బు పంపాను, పిన్ని తీసుకోనంటే నువ్వు చెప్పు, నీ మాట వింటుంది.

అక్టోబరు 27న ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా ఆదివారం సాయంత్రం మీకు ఆరున్నరకి చేస్తా, ఆ తర్వాత ఏడున్నరకి. ఫోన్ మోగితే అమ్మకంటే ముందు నువ్వు తియ్యి. మిరపాకు ఫోటో ముందే పంపిస్తా, కళ్ళజోడు దగ్గర పెట్టుకో.

నీ
బుజ్జి

తా.క. డిసెంబరులో మా స్నేహితురాలి అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. వాళ్ళతో మన పార ఒకటి పంపగలవా? కర్ర వద్దు, ఇనుము తల చాలు, కర్ర ఇక్కడ చెక్కించుకుంటా. కొత్తది కొనకు, కొట్టంలో గోడకి ఆనించి ఉంటుందే, అంచు అరిగింది, అదే పంపు. పచ్చళ్ళ బరువు తగ్గించమని అమ్మతో నువ్వే చెప్పాలి, నేను చెప్పలేను.