మెడపట్టీ నీకే వదిలేశా

లెస్టర్, ఇంగ్లండ్,
నవంబరు 16

అక్కయ్యకు,

ఇక్కడ అందరం క్షేమం. మోకాలికి నూనె రాస్తున్నావా అని అమ్మాయి అడిగితే మాట దాటేశావట. రాయి.

మొన్న వీడియోలో మనవడి ఒంటి మీద నీలం స్వెట్టర్ చూసి "నువ్వే అల్లావుటే?" అన్నావు. అవునన్నాను గానీ సగమే చెప్పాను. అది మిషన్ మీద అల్లింది. నువ్వు మూతి తిప్పుతావని అప్పుడు చెప్పలేదు.

మిషన్ పక్కింటి పెద్దావిడది. అటక మీద ఏళ్ళ తరబడి పడి ఉంటే నాకిచ్చేసింది. బల్లంత పొడుగు, 200 సూదులు. ఒక్కో సూది కొన కొక్కెంలా ఉండి, దానికి తెరుచుకుంటూ మూసుకునే చిన్న నాలుక ఉంటుంది. సూదుల పైన అటూ ఇటూ జరిగే పెట్టె ఉంటుంది, క్యారేజ్ అంటారు; దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి తోస్తే ఒక వరస అయిపోయినట్టే. ఆ నాలుక సూదికి 1849లో పేటెంటు తీసుకున్న మాథ్యూ టౌన్‌సెండ్ ఈ లెస్టర్ వాడేనట. ఒకప్పుడు ఇది మేజోళ్ళ ఊరులే.

తోస్తే అయిపోతుందన్నానని తేలిక అనుకోకు. మొదట మూడు రాత్రులు కుట్లు జారుతూనే ఉన్నాయి. ఊలు మంచిది కాదని తిట్టుకున్నాను. తీరా చూస్తే సూదుల్ని అణిచిపెట్టే పట్టీలోని స్పాంజి పాతబడి అప్పడంలా అయిపోయింది. సూదులు పైకి లేచిపోతుంటే దారం కొక్కెంలో ఎలా పడుతుంది? కొత్త పట్టీ వేశాక దారికొచ్చింది.

నీలం స్వెట్టర్ పొట్టిదవడం మాత్రం అచ్చంగా నా తొందరే. వాడి పొట్ట బయటికొచ్చిందని నవ్వావుగా! మిషన్ మీద నుంచి తీసిన బట్ట, అల్లేటప్పుడు కింద వేలాడదీసే బరువులకి నిలువునా సాగి ఉంటుంది. దాన్ని ఒక రాత్రి వదిలేసి, ఉతికి ఆరేశాకే కొలవాలి. నేను తీసిన వెంటనే టేపు పెట్టాను. ఉతికితే పైకి లాక్కుపోయింది.

ఈసారి వాడికి ఇంకో స్వెట్టర్ మొదలెట్టి, బుద్ధిగా ముందు 40 కుట్లు, 60 వరసల ముక్క అల్లి, ఉతికి కొలిచాను. పది సెంటీమీటర్లకి 28 కుట్లు, 40 వరసలు వచ్చాయి. ముందు భాగానికి 74 కుట్లు, 112 వరసలు. రంగు పసుపు. అమ్మాయి పుట్టినప్పుడు నువ్వు అల్లిన స్వెట్టర్ ఇంకా పెట్టెలోనే ఉంది, దాని పక్కన పెట్టి ఎంచుకున్నా. పిల్లలు రెండు నెలల్లో ఎంత పెరుగుతారో తెలియదు కదా, ఒక సైజు పెద్దదే చేశా.

కింది గీతల అంచు సంగతి చెప్పనా? అది ఈ మిషన్ తనంతట చెయ్యదు. ప్రతి మూడో కుట్టునీ అడుగుదాకా జారవిడిచి, ఎదురు వైపు నుంచి చేతి కొక్కెంతో మెట్టు మెట్టూ ఎక్కించాలి. జారిన కుట్టుని క్రోషా సూదితో పైకి లాగడం నువ్వు నేర్పిందే, అరుగు మీద కూర్చోబెట్టి, నెత్తిన మొట్టి మరీ. 74 కుట్లలో మూడోవంతు, ముందూ వెనకా లెక్కేసుకో. నడుము పడిపోయింది. ఇక దీన్ని చేత్తో చేసింది కాదంటే నేనొప్పుకోను.

మెడ మాత్రం అల్లలేదు. వీడి తల మీ మరిదిగారి తలే, పెద్దది. గట్టిగా అల్లితే దూరదు, వదులుగా అల్లితే వేలాడుతుంది. నా మిషన్ అంచు సాగదు, నీ చేతి అంచు సాగుతుంది. అందుకని మెడ కుట్లన్నీ వేరే రంగు దారం మీద అలాగే ఉంచేశాను. ఎడమ భుజం కూడా కలపలేదు, అక్కడ మూడు బొత్తాలు పెడదాం.

సంక్రాంతికి వస్తున్నాం, టికెట్లు కొనేశాం. ఊలు ఉండ నేను తెస్తాను. నువ్వు పదో నంబరు సూదులు ఎక్కడున్నాయో వెతికి పెట్టు. కళ్ళజోడు నంబరు మారిందన్నావు, అదీ ఈలోపే చేయించుకో.

నీ చెల్లెలు