మా అరుగు మెట్లు రోడ్డు కింద ఉన్నాయి, మంత్రిగారూ

గౌరవనీయులైన మంత్రిగారికి,

విశాఖపట్నం వన్ టౌన్, బురుజుపేట నుంచి నమస్కారాలు. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులున్నాయి, జవాబు రాలేదు. అందుకే ఇలా అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

వారసత్వ కట్టడాల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. టౌన్‌హాల్, కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి బొమ్మ గురించి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. వాటి చుట్టూ మేం కాపురాలుంటున్న పెంకుటిళ్ళ సంగతి ఎవరు చూస్తారండీ?

1933లో హార్బర్ ప్రారంభమయ్యే నాటికే మా ఇల్లు ఉంది. గానుగ సున్నం గోడలు, టేకు దూలాలు, వీధివైపు అరుగు. నా చిన్నప్పుడు ఆ అరుగెక్కడానికి నాలుగు మెట్లుండేవి. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికొచ్చినవాళ్ళు వాటిమీదే కాసేపు కూర్చునేవారు. ఇప్పుడు ఒక్క మెట్టూ కనబడదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దానిమీదే కొత్తది పోశారు. ఒకసారి బెత్తెడు, ఇంకోసారి జానెడు. ఇవాళ రోడ్డే అరుగుకన్నా నాలుగు వేళ్ళు ఎత్తు.

వానొస్తే వీధి నీళ్ళన్నీ గుమ్మం దాటి లోపలికే. పోయిన వర్షాకాలం ఒక రాత్రి 78 ఏళ్ళ మా అమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, నేనూ నా భార్యా తెల్లారేదాకా బకెట్లతో తోడిపోశాం. మబ్బు పడితే చాలు, అమ్మకి టెన్షన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి పెంకులెగిరిపోయినా ఈ గోడలు కదల్లేదు. అలాంటి గోడలు ఇప్పుడు కింద ఉప్పు పట్టి, చెయ్యేస్తే పిండిలా రాలుతున్నాయి. ద్వారబంధం అడుగున టేకు మెత్తబడి వేలు దిగిపోతోంది. సిమెంటు పూయించమని ఒక ఇంజనీరుగారు చెబితే పూయించాం. సున్నం గోడలో తడి బయటికి ఆరిపోవాలి. సిమెంటు దాన్ని ఆపేస్తే పైకి పాకుతుంది. ఏడాదికే చెమ్మ కిటికీ దాకా వచ్చింది. ఆ పొరపాటు మాదే, ఒప్పుకుంటాను. రోడ్డు ఎత్తు పెంచింది మేం కాదు కదా!

ఎదురింటివాళ్ళు విసిగిపోయి అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు. బిల్డరు మాకూ కబురంపాడు. అమ్మ ఒప్పుకోదు, నాకూ మనసు రాదు.

మళ్ళీ రోడ్డు వేస్తారట. అయ్యా, దయచేసి ఈసారైనా తవ్వించి వేయించండి. కాలువలు కూడా బాగుచేయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రిని చూపించినా చాలు. కానీ ముందు తవ్వించండి.

మీ మనుషులొస్తే అసలు మట్టం ఎక్కడుందో చూపించాలని అరుగు పక్కన రెండడుగుల గుంట తీసి, పైన చెక్క వేసి ఉంచాను. చెక్క తీస్తే కింది మెట్టు కనిపిస్తుంది.

ఇట్లు,
బురుజుపేట నివాసి