బధిర శిశువులకు భాష ఆలస్యం కారాదు

సంపాదకులకు నమస్కారం.

పుట్టిన బిడ్డకు నెల నిండేలోగా వినికిడి పరీక్ష, 3 నెలలలోగా లోప నిర్ధారణ, 6 నెలలలోగా తోడ్పాటు మొదలుకావాలన్నది నిపుణులు అంగీకరించిన ప్రమాణం. అయినా, ‘కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయిలే’ అని ఏళ్ల తరబడి ఎదురుచూసే కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది. వినికిడి యంత్రమైనా, శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అయినా శబ్దాన్ని అందించగలదే తప్ప భాషను కాదు. దానిని బిడ్డ ముఖంలోకి చూస్తూ రోజంతా మాట్లాడే, సంజ్ఞలు చేసే మనుషులే ఇవ్వాలి. సంజ్ఞా భాష నేర్పితే మాటలు రావన్న భయం నిరాధారం. అది సొంత వ్యాకరణం గల నిండైన భాష. ఆ భాష మాట్లాడే తల్లిదండ్రుల ఒడిలో పెరిగే శిశువులు తమ ముద్దుపలుకులను చేతులతోనే పలుకుతారు. కాబట్టి ప్రసూతి వార్డులోనే పరీక్ష జరపాలనీ, లోపం నిర్ధారణ కాగానే సంజ్ఞా భాష నేర్పగల బధిర పెద్దలను ఆ తల్లిదండ్రులకు పరిచయం చేయాలనీ ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు