క్యూ ఎక్కడ ఆగుతోందో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఓటేయండి, ఓటేయండి అని మైకులు పెట్టి మరీ చెబుతారు గానీ, తీరా జనం నిజంగానే వస్తే వాళ్ళని ఎక్కడ నిలబెట్టాలో మాత్రం ఎవరూ ఆలోచించరు. 2024 మే 13న మా ప్రకాశం జిల్లాలో మా ఊళ్ళో నేను సాయంత్రం 4 గంటలకి లైన్లో నిలబడితే ఓటేసి బయటికొచ్చేసరికి రాత్రి 9:20 అయింది. మా బూత్‌లో చివరి ఓటు 11 దాటాక పడింది. మాదే నయం, ఆ రోజు రాష్ట్రంలో దాదాపు 3,500 కేంద్రాల్లో 6 గంటల తర్వాత కూడా పోలింగ్ నడిచింది, ఆఖరిది ముగిసేసరికి రాత్రి 2 గంటలైంది. మొత్తం పోలింగ్ 81.86 శాతం అని అందరం గొప్పగా చెప్పుకున్నాం, దర్శి నియోజకవర్గంలో అయితే 90 దాటింది. మంచిదే. కానీ మనవాళ్ళు ఓపిక పట్టబట్టి ఆ అంకె వచ్చింది గానీ, ఏర్పాట్లు బాగుండి కాదు.

నేను రిటైరయ్యే లోపు ఆరు ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ చేశాను. అందుకని టేబుల్ అవతల కూర్చున్నవాళ్ళని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ముందు రోజు సామాను మోసుకుని బస్సెక్కి, రాత్రి బెంచీల మీద పడుకుని, తెల్లవారి ఐదున్నరకల్లా మాక్ పోలింగ్ మొదలుపెట్టే బతుకు ఎలాంటిదో నాకు తెలుసు. నేను చెప్పేదల్లా, ఎన్నిసార్లు లైన్లో గొడవైనా అందరూ మిషన్ మొరాయించిందనే అనుకుంటారు, చాలాసార్లు ఆగేది అక్కడ కాదు. పేరు చూసే మొదటి టేబుల్ దగ్గర.

లెక్క చూడండి. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా 11 గంటలు, అంటే 39,600 సెకన్లు. అప్పట్లో ఒక బూత్‌కి 1,500 మంది దాకా ఓటర్లు ఉండొచ్చు. అందులో 80 శాతం వస్తే 1,200 మంది, మనిషికి 33 సెకన్లు. ఒకరు మిషన్ దగ్గర ఉండగా ఇంకొకరికి సిరా పూస్తారు, ఇంకొకరి పేరు చూస్తారు, కాబట్టి అన్నీ సాఫీగా సాగితే ఇది అసాధ్యమేమీ కాదు. సాగదు. సీరియల్ నంబరు చేతిలో పట్టుకుని వచ్చినవాడి పేరు మార్క్‌డ్ కాపీలో, అంటే టేబుల్ మీదుండే ఓటర్ల జాబితాలో, పది సెకన్లలో దొరుకుతుంది. నంబరు తెలియకుండా వచ్చి ‘ఫలానా వాళ్ళ కోడల్ని, చూడండి సార్’ అంటే పేజీలన్నీ తిప్పాలి, ఆ ఇంటిపేరుతో ఊళ్ళో నలభై మంది ఉంటారు, ఈలోగా పార్టీల ఏజెంట్లు తలా ఒక మాట అంటారు, రెండు నిమిషాలు గోవిందా. అలాంటివాళ్ళు గంటకి పది మంది వస్తే చాలు, వెనక లైను రోడ్డెక్కుతుంది. పైగా మనకి ఆ రోజు రెండు ఓట్లు, పార్లమెంటుకి తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్‌ పెట్టెలో చీటీ ఏడు సెకన్లు కనబడి పడిపోవాలి, కీ మని మోత రావాలి. ఆ మోత వచ్చేదాకా ఆగాలని చెప్పేవాళ్ళు లేక కొందరు మళ్ళీ మళ్ళీ నొక్కుతూ నిలబడ్డారు, కొందరు ఒక ఓటేసి అయిపోయిందనుకుని తలుపు వైపు నడిచారు. ‘అమ్మా, ఇంకోటుంది’ అని లోపల్నుంచి కేకలు.

మా బడిలో రెండు బూత్‌లు, పక్కపక్క గదుల్లో. ఏ గది ఎవరిదో చెప్పే కాగితం గది తలుపుకే అంటించారు, వరండా ఎక్కితే గానీ కనబడదు. నాకు నాలుగడుగుల ముందు మా ఊరి పెద్దావిడ ఒకామె ఉంది, డెబ్బై దాటి ఉంటాయి, ఇంటికి పంచిన ఓటరు స్లిప్పు కొంగున ముడేసుకుని నిలబడింది. అంతసేపు నిలబడి టేబుల్ దాకా వెళ్తే, నీది పక్క గది అన్నారు. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి, ‘ఏంది అయ్యోరూ, ఇందాకటి నుంచి నిలబడ్డా ఒక్కళ్ళూ చెప్పలేదే’ అంది. నా దగ్గర జవాబు లేదు. నేనూ అదే లైన్లో వెనకే ఉన్నాను, ఆ చీటీ ఒకసారి చూపించమ్మా అని నాకూ తోచలేదు. పక్క లైన్లోవాళ్ళే పాపం జరిగి ముందుకు పంపించారు.

ఓటర్లకి సాయం చేసే టేబుల్ లేదా అంటే, ఉంది. బీఎల్ఓ (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) అక్షరక్రమం జాబితా పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. కాకపోతే ఆ టేబుల్ వరండా మెట్ల పక్కన వేశారు! గేటు దగ్గర వేసి, వచ్చిన ప్రతివాళ్ళకీ గది, నంబరు స్లిప్పు మీద పెద్దగా రాసి పంపిస్తే సగం రద్దీ అక్కడే తేలిపోతుంది. బయట దూరంగా టెంట్లు వేసుకున్న పార్టీల కుర్రాళ్ళు ఫోన్లో చూసి నిమిషంలో ఈ పని చేసేస్తున్నారు, మనవల్ల ఎందుకు కాదు?

స్లిప్పు ఒక్కటే తెచ్చి తిరిగెళ్ళినవాళ్ళు కూడా చాలామంది. 2019 నుంచి ఆ స్లిప్పు గుర్తింపు కింద చెల్లదు. ఓటరు కార్డు గానీ, ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి ఏదో ఒకటి గానీ ఉండాలి. ఈ మాట స్లిప్పు పంచేటప్పుడు నోటితో చెబితే సరిపోయేది. మా ఇంట్లో అయితే గేటు సందులోంచి నాలుగు స్లిప్పులు లోపలికి వేసి వెళ్ళిపోయారు.

ఇక నీడ సంగతి. షామియానా వేశారు, దాని కింద ముందున్న ఇరవై మందే పడతారు, మిగతావాళ్ళం మే నెల ఎండలో. నీళ్ళ క్యాన్ లోపలి తలుపు దగ్గర పెట్టారు, దాహం వేసేది తోకలో ఉన్నవాళ్ళకి. ఆడవాళ్ళ బాత్రూంకి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకునేసరికి చీకటి పడింది. చీకటి పడ్డాక ఆవరణంతటికీ వరండాలో ఒక్కటే బల్బు. ఫోన్ లైటు వేద్దామంటే ఫోన్లు లోపలికి రానివ్వరని అందరూ ఎదురుగా బడ్డీకొట్టు అతనికి ఇచ్చొచ్చారు, అతను బిస్కెట్ల డబ్బాలో పోసి పెట్టాడు, తిరిగి తీసుకునేటప్పుడు ఎవరిది ఎవరిదో అదో పెద్ద తంతు. 2025లో ఎన్నికల సంఘం కేంద్రం బయట ఫోన్లు పెట్టుకునే ఏర్పాటు ఉండాలంది, సంతోషం.

6 గంటలకి లైన్లో ఉన్నవాళ్ళకి నంబరు స్లిప్పులు పంచడం చాలామంది చూసి ఉండరు, ఇవి ఇంటికి పంచే స్లిప్పులు కావు. గేటు మూసి, తోకలో ఆఖరున ఉన్న మనిషికి ఒకటో నంబరు ఇచ్చి అక్కడి నుంచి ముందుకి ఇచ్చుకుంటూ వస్తారు, తర్వాత వచ్చినవాళ్ళు దూరకుండా. నాకు 92 వచ్చింది. మొత్తం 260. ఈ నంబర్లు బయటపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఆ రోజు 5 గంటలకి రాష్ట్రంలో పోలింగ్ సుమారు 68 శాతం, ఆఖరికి మిషన్లలోనే 80.66 (మిగతాది పోస్టల్ ఓట్లు). చీకటి పడ్డాక పడిన ఈ ఓట్ల మీద తర్వాత ఎన్ని అనుమానాలు, ఎన్ని వాదనలు నడిచాయో మీ పేపర్లోనే చదివాం. నేను ఆ లైన్లో ఉన్నాను కాబట్టి నాకు అనుమానం లేదు, కానీ ఒంగోల్లో కూర్చున్నవాడికి ఎందుకుండదు? ఫలానా బూత్‌లో 6 గంటలకి 260 స్లిప్పులు అని తలుపుకి అంటించి, ఏజెంట్లతో సంతకం పెట్టించి, ఆ రాత్రే కలెక్టరు ఆఫీసు జాబితా పెడితే అయిపోయేదానికి సంవత్సరాల తరబడి గొడవ.

ఇప్పుడు బూత్‌కి 1,200 మందికి మించకూడదని నియమం మార్చారు. 2025లో బీహార్‌లో అలాగే 12,817 కేంద్రాలు కొత్తగా తెరిచారు, అక్కడ దాదాపు 67 శాతం పోలింగ్ అయింది. కానీ 1,200లో 67 శాతం రావడం వేరు, మా దగ్గర 90 శాతం రావడం వేరు. అక్కడ మనిషికి 49 సెకన్లు దొరికితే మాకు 37 కూడా దొరకవు, రెండు ఓట్లయితే చెప్పనే అక్కర్లేదు. అదే మే 13న హైదరాబాద్ పార్లమెంటు స్థానంలో 48 శాతమే పడింది (హైదరాబాద్ బస్సులు దిగి నేరుగా మా లైన్లోకి వచ్చినవాళ్ళు నాకు ముందే పది మంది ఉన్నారు లెండి). అన్నిటికీ ఒకే కొలత ఎందుకు? పోయిన ఎన్నికల్లో ఏ బూత్ రాత్రి దాకా నడిచిందో రికార్డు ఆఫీసుల్లోనే ఉంది, ముందు వాటిని 900కి కుదించండి, గది లేకపోతే అంగన్‌వాడీలో పెట్టండి. 85 దాటినవాళ్ళకి ఇంటి దగ్గరే ఓటేసే వీలుంది, 12డి ఫారం ఇస్తే చాలు, అది కూడా మా ఊళ్ళో చాలామందికి తెలియదు. డెబ్బైల్లో ఉన్నవాళ్ళకి కనీసం రెండు బెంచీలు వేయండి, బడిలో బెంచీలకి కరువా?

రేపు స్థానిక ఎన్నికలొస్తే వాటిని నడిపే కమిషన్ వేరంటారు, అయితే బడి మాత్రం అదే, వరండా అదే, బల్బూ అదే. మొన్న ఆ పక్కగా వెళ్తూ చూశాను, బాత్రూంకి ఇంకా తాళమే వేసి ఉంది.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా