మన వినియోగదారుల సంఘం వార్షిక నివేదిక – తిరుపతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెలవారీ సమావేశాలన్నీ జరిగాయి, మినిట్స్ పుస్తకం బల్ల మీద ఉంది. డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, ఆర్టీసీ బస్టాండు దగ్గర ఫిర్యాదులు చెప్పుకునే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 కరపత్రాలు పంచాం.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది బైరాగిపట్టెడలో జరిపిన మెచ్చుకోలు కొనుగోలు. అంటే సరైన తూకం కోసం ఎక్కువ వాటా ఖర్చుపెడతానని పాడిన అంగడిలోనే అందరం కలిసి ఒకే రోజు కొనడం. తూకం తగ్గించే అంగడికి పోవద్దని ఏళ్లుగా చెబుతూనే ఉన్నాం. మనం మానేసినా యాత్రికులు రోజూ కొత్తగా వస్తుంటారు కాబట్టి ఆ అంగడాయనకు బేరం తగ్గినట్టే తెలియదు. అందుకే 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘క్యారట్‌మాబ్’ పేరుతో మొదలైన పద్ధతి పట్టుకున్నాం. అక్కడ ఒక దుకాణం ఆ రోజు అమ్మకంలో 22 శాతం కరెంటు ఆదాకు ఖర్చుపెడతానని అందరికన్నా పైపాట పాడింది. జనం వరసకట్టి అక్కడే కొన్నారు.

మన కిరాణాలో మిగిలేదే కొంచెం. మొత్తం అమ్మకంలో వాటా అడిగితే ఎవరూ ముందుకు రారు. అందుకని అంతకుముందు వారం అదే రోజు అమ్మకం రాయించుకుని, దానికి పైన వచ్చినదాంట్లోనే వాటా అడిగాం. పాట సీలు కవర్లలో తీసుకున్నాం. ధరల పట్టీ ముందురోజే సంతకంతో తీసుకున్నాం, లేకుంటే ఆ రోజుకు రేట్లు పెరుగుతాయి. షట్టరు దించకముందే బిల్లులు మనవాళ్ల ఎదుట కూడించాం. గెలిచిన అంగడివారు ఆ డబ్బుతో కొనేవాళ్ల వైపు కూడా అంకెలు కనిపించే కాటా పెట్టారు. వారికి సంఘం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు.

పాటకు ముందు ప్రతి అంగడినీ తనిఖీ చేశాం. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా పడాలి. ముద్ర ఉంటే చాలదు. ముద్రపడిన కిలో రాయిని పళ్లెం మధ్యలో, తర్వాత నాలుగు మూలలా పెట్టి చూడాలి. కొన్ని కాటాలు మధ్యలో సరిగ్గా చూపి మూలల్లో తప్పుతాయి. మిఠాయి తూచేముందు ఖాళీ డబ్బా పెట్టి టేర్ (డబ్బా బరువు తీసేసే బటన్) నొక్కితే సున్నా రావాలి. అట్ట డబ్బాను మైసూర్‌పాక్ ధరకు కొనే పని మనకు లేదు. 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులున్న అంగళ్లను పాటకు పిలవలేదు.

లోపాలూ ఉన్నాయి. జనమంతా సాయంత్రమే రావడంతో బియ్యం, నూనె అయిపోయి కొందరు ఉత్తచేతులతో వెళ్లారు. ఈసారి వీధులవారీగా వేళలు పంచాలి. నెల సరుకు ఒక్కరోజే కొన్నవాళ్లు తర్వాత మూడు వారాలు అటు పోలేదు. కాబట్టి వచ్చే పాటకు ఆ ఒక్కరోజు కాక నెల మొత్తం అమ్మకం లెక్కలోకి తీసుకుంటాం.

పేరు రాయించుకున్న వాలంటీర్లలో సగం మంది కూడా రాలేదు. ఇద్దరు సభ్యులే పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడ్డారు. ఇది బాధతోనే రాస్తున్నాను. ఆ రోజు వస్తామన్న అధికారులూ రాలేదు.

జమాఖర్చులు ఆడిటయ్యాయి, పట్టిక కోశాధికారి గారి దగ్గర చూడవచ్చు. హాలు ఇచ్చినవారికి, కరపత్రాలు ఉచితంగా అచ్చువేసినవారికి, పాటలో ఓడినా కాటాకు కొత్త ముద్ర వేయించుకున్న అంగడివారికి కృతజ్ఞతలు. వచ్చే పాట కొర్లగుంటలో. రోజంతా నిలబడగలిగినవాళ్లే పేర్లు ఇవ్వండి.

– కార్యదర్శి