నొప్పి సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి

సంపాదకుడికి,

రెండు నెలల కిందట నగరంలోని ఒక ఆసుపత్రిలో మా అమ్మకు పొట్ట కోసి గర్భసంచి తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రే నరకం. దగ్గు వస్తే చాలు, రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఏడ్చేది. నొప్పికి ఇంజెక్షన్ ఇస్తే వాంతులు, మగత. "ఆపరేషనన్నాక నొప్పి ఉండదామ్మా?" అంది నర్సు. మేమూ నిజమే అనుకున్నాం.

తర్వాత మా పిన్నికి అదే ఆపరేషన్ వేరే చోట అయింది. ఆమె ఇంకా మత్తులో ఉండగానే మత్తు డాక్టరు అల్ట్రాసౌండ్ తెర చూస్తూ పొట్టకు రెండు పక్కలా కండరాల పొరల మధ్య మందు ఎక్కించారట. పొట్ట గోడకు వెళ్లే నరాలు ఆ పొరల మధ్యే ఉంటాయి. మందు అక్కడ పరుచుకుంటే కోత నొప్పి కొన్ని గంటలపాటు బాగా తగ్గుతుంది. దీన్ని టాప్ బ్లాక్ అంటారు. పిన్ని మర్నాడు పొద్దున్నే లేచి బాత్రూంకు నడిచింది.

ఇది సర్వరోగ నివారిణి అని నేననను. లోపలి అవయవాల నొప్పికి ఇది పనిచేయదు, పారాసిటమాల్ లాంటివి పక్కన ఉండాల్సిందే. మందు మోతాదు మించితే ప్రమాదం కూడా. వెన్నులో మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు కలిపి మత్తు ఇచ్చినవాళ్లకు దీనివల్ల అదనపు లాభం తక్కువ. ఎవరికి సరిపోతుందో మత్తు డాక్టరే తేల్చాలి. నా బాధల్లా, మా అమ్మ విషయంలో ఆ మాటే ఎవరూ ఎత్తలేదని. సంతకాలు మాత్రం నాలుగు చోట్ల పెట్టించుకున్నారు.

1888, 1889 సంవత్సరాల్లో, అప్పట్లో ఆపరేషన్లకు మత్తుమందుగా వాడిన క్లోరోఫాంపై కమిషన్లు వేసి పరీక్షలు చేయించిన ఊరు మన హైదరాబాదు. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడే పనిచేశారు. అలాంటి ఊళ్లో రోగి నొప్పిని ఓర్చుకోవాల్సిన విషయంగా చూడటం నాకు మింగుడుపడటం లేదు.

ఆరోగ్యశాఖ ఒక పని చేయాలి. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా, ఆపరేషన్‌కు ముందు రోజు మత్తు డాక్టరు రోగితో కూర్చుని నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పి, అది కేసు షీట్‌లో రాయాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టర్ల వాడకానికి అల్ట్రాసౌండ్ యంత్రం ఉండాలి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద దాన్నీ రిజిస్టర్ చేయించాలి, తప్పదు. ఆ చట్టం ఆడపిల్లల కోసం వచ్చింది. కానీ కాగితాల పనికి జడిసి యంత్రమే వద్దనుకోకూడదు.

వచ్చే నెల మా చెల్లికి సిజేరియన్ అంటున్నారు. ఈసారి మత్తు డాక్టరును ముందే కలిసి అడుగుతాం.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్